తొక్కిన మూల

పొద్దున సదానందం వచ్చి చూసేసరికి చెరువులో నీళ్లు లేవు.

తడి మట్టి మీద అడుగులున్నాయి. కుడి అడుగు లోతుగా, ఎడమది తేలిగ్గా. ఒకే మూలలో వందల అడుగులు.

ఎవరో దిగి, ఎక్కడికీ పోకుండా నడిచారు.

లింబాయత్‌లో ముప్పై ఏళ్లు మరమగ్గాల సాంచెలు నడిపి, ఆ మోతకు చెవులు దెబ్బతిని మానేశాడు సదానందం. సచిన్ ఊరి అవతల జాగా కౌలుకు తీసుకుని, చేపపిల్లలు పెంచడానికి ఈ చెరువు తవ్వించాడు. అడుగున జానెడు మందం నల్ల బంకమట్టి పరిచి, చెక్కతో నున్నగా చేశాడు. దాని మీద ఎవరినీ కాలు పెట్టనివ్వలేదు. సాగదీసిన పడుగు దారాలు తొక్కకూడదని చిన్నప్పుడే నేర్చుకున్న ఒళ్లు అతనిది.

శుక్రవారం చేపపిల్లలు వస్తాయి. రోజూ సాయంత్రం మోటారు పెట్టి నింపుతున్నాడు. తెల్లారేసరికి నీళ్లు ఇంకిపోతున్నాయి.

"వాడెవడో తొక్కవట్టే కారుతున్నయ్," అన్నాడు భార్యతో.

"అడుగులు ఇయ్యాల్టియి. నీళ్లు నాలుగు దినాల సంది పోతున్నయ్," అంది కరుణ.

అతను ఆ సాయంత్రం కూడా మోటారు పెట్టాడు.

మర్నాడు ఇంకా ముందే వచ్చాడు. పంచె ఎగ్గట్టిన ముసలాయన ఒకడు, అదే మూల బురదలో అక్కడికక్కడే తొక్కుతున్నాడు.

"ఏయ్! ఏం జేస్తున్నవ్?"

"తొక్కుతున్న."

"కనవడ్తనే ఉంది. ఎందుకు?"

"ఎవరన్న తొక్కాలె గద బిడ్డా. ఊకె పరిస్తె నీళ్లాగుతయా?"

ఈ పరాయి రాష్ట్రంలో జవాబు తెలుగులో వస్తోందని అప్పుడు తట్టి సదానందం తడబడ్డాడు. ఎందుకో కోపం ఇంకా పెరిగింది.

"నా మట్టి మీద నీకేం పని?"

ముసలాయన మట్టి వంక చూశాడు.

"నిజమే," అన్నాడు. "నీ మట్టే."

గట్టెక్కి వెనక్కి తిరిగాడు. "కడమ మూడు మూలలు జర తడి ఆరకముందె తొక్కు."

"మల్ల కనవడితే కాళ్లిరగ్గొడ్త!"

ఆ మాట అన్నాకే, ముసలాయన ఎడమ కాలు ఈడుస్తున్నాడని సదానందం గమనించాడు.

ఆ సాయంత్రం మళ్లీ నింపాడు. తెల్లారి మూడు మూలలు ఖాళీ. ముసలాయన తొక్కి తొక్కి గుంట చేసిన మూలలో మాత్రం చీలమండ లోతు నీళ్లు నిలిచాయి.

సదానందం గట్టు మీంచి కర్ర దించి లోతు చూశాడు. చెవుల్లో ఎప్పటిలాగే లేని సాంచెల మోత. జీతం లేకుండా ఒకడు ఇంకొకడి బురద ఎందుకు తొక్కుతాడు? పగా? పిచ్చా? ఏదో ఒకటి అయితే బాగుండు. ఏదీ కుదరడం లేదు.

వెనకే వచ్చిన కరుణ చీర కుచ్చిళ్లు దోపి చెరువులోకి దిగింది.

"రా. ఇది పడుగు గాదు, బురద."

అతను కాలెత్తాడు. దించలేకపోయాడు.

"సాంచె కాడ ముప్పై ఏండ్లు నిలవడ్డవ్. ఇప్పుడన్న నడువు," అంది.

దించాడు.

రెండు రోజులు తొక్కారు. నీళ్లు ఆగాయి.

శుక్రవారం చేపపిల్లల సంచులు తెచ్చింది, ఈ చెరువుకు బంకమట్టి తోలిన ట్రాక్టరు లింగమే. మొదటి సంచి ఆ మూలలోనే విప్పాడు సదానందం. తర్వాత అడిగాడు.

"లింగం, కుంటుకుంట నడిచే ముసలాయన ఎవరన్న ఎర్కేనా?"

"మొండయ్య తాతనా? నవాగామ్‌ల ఉండె. నిన్న రైలెక్కి ఊరికి పోయిండు. ఇగ రాడు."

"నా చెరువుల ఆయనకేం పని?"

లింగం వింతగా చూశాడు.

"నేను మట్టి తోలినన్ని దినాలు ట్రాక్టర్ వెంబడి నడిచొచ్చి బాట మీదనే ఆగేటోడు. నీకేం చెప్పలే?"

"లే."

లింగం ఖాళీ సంచి మడత పెట్టాడు.

"ఆయన ఇరవై ఏండ్లు చేపపిల్లలు పెంచిన చెరువును షెడ్డు కోసం జాగ ఓనరు పూడ్పిచ్చిండు, పూడ్సకముందు దాని అడుగు గీకి తీసిన మట్టే గదన్నా, నేను నీకు తోలింది."