పద్నాలుగో సాంచె

అర్ధరాత్రి సిరిసిల్లలో కరెంటు పోయింది. షెడ్డులోని మరమగ్గాలు, అక్కడివాళ్ల మాటలో సాంచెలు, అన్నీ ఒక్కసారే ఆగాయి. పద్నాలుగో సాంచె మాత్రం చీకట్లో టకటకమని మోగుతూనే ఉంది.

రాత్రి పాళీలో ఉన్న లక్ష్మీరాజం బెదరలేదు. ఆరేళ్ల కింద ఇలాంటి లేని చప్పుళ్లే చెవిలో మోగితే బజారు వెంట పరుగెత్తినవాడతను. ఇప్పుడు మందుగోలీ ఒక్కపూటా తప్పించడు. డాక్టరు నేర్పిన పరీక్షా మరవడు: చెవికి వినబడింది చేతికి కూడా తెలిస్తేనే నిజం.

వెళ్లి ఆ సాంచె మీద అరచెయ్యి ఆనించాడు. ఇనుము చల్లగా ఉంది. కదలిక లేదు. చప్పుడు మాత్రం వేళ్ల కిందనుంచే వస్తోంది.

'నా జబ్బే' అనుకున్నాడు. నవ్వొచ్చింది. పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుని, రోజూలాగే వేములవాడ రాజన్న నామం ఎత్తుకున్నాడు. దెబ్బకొక నామం. ఒకనాడు తనను ఊరంతా ఉరికించిన చప్పుడు, ఇవాళ తన భజనకు తాళం వేస్తోంది! గొంతు దానంతటదే పెద్దదైంది.

అంతలో పక్క వరుసలో సాంచెలు నడిపే రాంచందర్ తడుముకుంటూ వచ్చి అతని భుజం పట్టుకున్నాడు. ఏనాడూ ఏ జబ్బూ ఎరగని మనిషతను.

"అన్నా, కరెంటు లేదు గదా! గా సాంచె ఎట్ల నడుస్తున్నది?"

లక్ష్మీరాజం నామం ఆగింది. చప్పుడు ఆగలేదు.

అతను రాంచందర్ చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఉరుకకు తమ్మీ. ఉరికితే ఎంబడి వస్తది, నాకెరుకే. గీడ కూసో. నేనన్నట్టు అను."