రెండో కుండ

"పొగ రాని పొయ్యి అంటివి, ఇదేందప్పా!"

గుమ్మం దగ్గర చేరిన ఆడవాళ్ళు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు.

పట్టాభిరామకు చెమటలు పట్టాయి. తక్కువ కట్టెలతో మండే పొయ్యిలు కట్టించడానికి బాగేపల్లి నుంచి వచ్చాడు. ఈ ఊళ్ళో అక్కయమ్మ ఇంట్లో కట్టిన ఈ రెండు బొక్కల పొయ్యే మొదటిది. ఇదే పొగ కక్కితే ఇంకెవరూ కట్టించుకోరు.

వంగి చూశాడు. "అక్కయమ్మా, రెండో బొక్క ఊరికే వదిలేస్తివే! దాని మీదా కుండ ఉంటేనే పొగ గొట్టంలోకి పోతాది. ఒకదాని మీద సంగటి, ఇంకోదాని మీద కూర పెట్టమంటి గదమ్మా?"

అక్కయమ్మ తల ఎత్తలేదు. అతనికి మాత్రమే వినపడేలా అంది: "వానల్లేక మూడేండ్లాయె. సంగటికే పిండి చాలకుండా ఉండాది. రెండో కుండలో ఏమేసేదప్పా?"

అతను గుమ్మానికి వీపు అడ్డం పెట్టాడు. మూలనున్న కుండలో నీళ్ళు పోసి, తనే రెండో బొక్క మీద పెట్టి మూత వేశాడు. కాసేపటికి పొగ ఆగింది.

"అబ్బా, ఆగిపాయె!" అంది పక్కింటి తిమ్మక్క. "దాంట్లో ఏముడుకుతాండాదక్కా?"

"ఉలవచారు," అంది అక్కయమ్మ.

"ఏదీ, మూత తియ్యి, చూస్తాము."

పట్టాభిరామ గబుక్కున మూత మీద చెయ్యి పెట్టాడు.

"తియ్యగూడదమ్మా. ఆవిరి పోతే కట్టెలు దండగ."

తిమ్మక్క ఆ చేతినే కాసేపు చూసింది.

"మా ఇంట్లోనూ కట్టప్పా," అంది మెల్లగా. "మాకు మాత్రం ఒక్క బొక్కే పెట్టు."