మార్కులు పడని తీరం

విశాఖ చుట్టుపక్కల తీరాల శుభ్రతకు ఇప్పుడు మార్కులేసేది యంత్రమే. తొంభై దాటితే పర్యాటకుల కోసం నీళ్లదాకా చక్రాల కుర్చీల బాట వేస్తారు, జాలర్ల పడవల్ని ఒడ్డు నుంచి తీయించేస్తారు. అందుకే యంత్రం వచ్చేరోజు గంగమ్మపేట ఆడవాళ్లు ఇసుకనిండా ఎండుచేపలు పరుస్తారు. మార్కులు తగ్గాలంటే మరకలుండాలి మరి!

నూకరత్నం మాత్రం గంప దించలేదు. నడవలేని అత్త కెరటాన్ని తాకి నాలుగేళ్లయింది.

"ఏటే, అలగ నిలబడిపోనావు? పరిసీ," అంది గుమ్మంలో కూర్చున్న అత్త.

"మరి నీకు బాటో, అత్తా?"

"బాట నాకొక్కదానికే. పడవలు పేటంతటికీ."

నూకరత్నం చేపలు పరిచింది. యంత్రం వాసన చూసి, ముప్పై మార్కులేసి పోయింది.

సాయంత్రం నలుగురు ఆడవాళ్లు అత్తను మంచంతో సహా భుజాలకెత్తుకుని నీళ్లవైపు నడిచారు.

"నలుగురు మోస్తంటే, సూసినోళ్లు నేను పోనాననుకుంటారే," అని నవ్వింది అత్త.

దించిన మంచం మీదికి కెరటం పొర్లి ఆమె పాదాలు తడిపింది.

"అనుకోనీ. ఇంకాస్త లోపలికి పదండే," అంది అత్త.