మొక్కజొన్న పెట్రోలు

"ఇంకోసారి లాగు బావా! మధ్యాహ్నం భోజనాల వేళకైనా అంటుకోకపోతుందా!" అని అరిచాడు లోవెల్.

పడవల రేవు మొత్తం నవ్వింది. వర్లిన్ పళ్లు బిగించి మళ్లీ తాడు లాగాడు. మోటారు దగ్గింది, తుమ్మింది, ఇంత నీలం పొగ వదిలి ఊరుకుంది.

మే నెలలో చేపల వేట మొదలయ్యే రోజది. అమెరికాలోని మిన్నెసోటా ఉత్తరాన ఆ సరస్సు మీద పడవ ఉన్న ప్రతివాడూ తెల్లారేసరికి రేవులోనే ఉన్నాడు. పరువు పోగొట్టుకోవడానికి అంతకంటే మంచి ముహూర్తం దొరకదు.

మోటారు మొరాయించడం ఎవరికైనా మామూలే. కానీ ఇథనాల్ కలిపిన పెట్రోలు పడవ మోటార్లకు చేసే చేటు గురించి ఆ ఊరికంతటికీ పాఠం చెప్పే గురువు వర్లిన్. ఉత్తరాలు పంచే ఉద్యోగం నుంచి రిటైరయ్యాక అతనికి మిగిలిన విద్య అదొక్కటే. జినీవా నడిపే ఎరల కొట్లో కాఫీ కప్పు పట్టుకుని కూర్చుని, వచ్చినవాడికల్లా చెప్పేవాడు.

"ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుందయ్యా. చలికాలమంతా కదలకుండా ఉంటే నీళ్లు విడిపోయి అడుక్కి చేరతాయి. కార్బురేటర్ జిగురెక్కుతుంది. రబ్బరు గొట్టాలు..."

గొట్టాల దాకా వచ్చేసరికి వినేవాడికి ఇంటి దగ్గర ఏదో పని గుర్తొచ్చేది. చివరిదాకా విన్నది అతని భార్య ఆర్డిస్ ఒక్కతే. పైగా మధ్యమధ్య ప్రశ్నలు కూడా వేసేది. పాపం, కట్టుకున్నందుకు తప్పుతుందా అనుకునేవాడు వర్లిన్.

ఆర్డిస్ తమ్ముడు లోవెల్ అయితే వినకపోగా ఎదురు తిరిగేవాడు. అతను మొక్కజొన్న రైతు. ఇథనాల్ తయారయ్యేది ఆ మొక్కజొన్నతోనే. "నా పంటను తిడితే ఊరుకోను బావా" అనేవాడు. తండ్రి పొలంతోపాటు తండ్రి వాడిన పాత మోటారు కూడా అతనికే వచ్చింది. అక్టోబరులో కోతల హడావిడిలో దాన్ని పడవ నుంచి ఊడదీసి, పెట్రోలు ట్యాంకుతో సహా షెడ్డులో పడేసి పొలానికి పరుగెత్తేవాడు. మళ్లీ మేలోనే దాని మొహం చూడటం. ఆ కోతల్లో ఆర్డిస్ కూడా పుట్టింటికి వెళ్లి, పొలం మనుషులకు వండిపెట్టి వచ్చేది.

ఇంట్లో ఒంటరిగా మిగిలిన వర్లిన్, చలికాలంలో పాడవకుండా తన మోటారుకు సేవ చేసుకునేవాడు. ఇథనాల్ లేని పెట్రోలు కోసం పక్క ఊరికి వెళ్లేవాడు. అది చెడకుండా మందు కలిపేవాడు. కాసేపు నడిపి, పెట్రోలు గొట్టం పీకి, లోపల మిగిలిన చుక్క కూడా కాలిపోయేదాకా కాచుకునేవాడు. సిలిండర్లలో నూనె కొట్టేవాడు. కొలత డబ్బా మీదే రాసి ఉంటుంది గానీ, మోటారు విషయంలో అతని చేతికి ఎముక లేదు. ఇంకాస్త పడితే ఇంకాస్త మంచిదే కదా అనుకునేవాడు. ఏటా మేలో పొగతో పరువు పోతున్నా ఆ నమ్మకం మాత్రం పోలేదు.

మొన్న చలికాలం, సరస్సు గడ్డకట్టాక, మంచుకు చిల్లు పెట్టి గాలం వేసుకుని కూర్చున్నప్పుడు బావా బావమరుదులు పందెం వేసుకున్నారు. లోవెల్ మోటారు మొదటి లాగుకే అంటుకోకపోతే, అతను ఊరంతా చూస్తుండగా ఇథనాల్ లేని పెట్రోలు కొనాలి. అంటుకుంటే వర్లిన్ ఇక ఆ ఊసెత్తకూడదు. వచ్చే చలికాలం తన మోటారును కూడా మొక్కజొన్న పెట్రోలుతోనే షెడ్డులో పడేయాలి.

"చూస్తున్నావా బావా?" అని ఇప్పుడు రేవులో లోవెల్ తన మోటారు తాడు ఒంటిచేత్తో లాగాడు.

మోటారు డుగడుగమంటూ అంటుకుంది. పొగైనా రాలేదు.

"అయితే వర్లిన్, ఇకనుంచి నా కొట్లో కాఫీ తాగడానికే నోరు తెరుస్తావన్నమాట" అంది జినీవా. ఈసారి రేవుతోపాటు వర్లిన్ కూడా నవ్వాడు. నవ్వకపోతే ఇంకా అలుసైపోతాడు.

ఇంటికొచ్చేసరికి ఆర్డిస్ బంగాళదుంపలు చెక్కు తీస్తోంది.

"చేపలేవి?"

"చేపలెక్కడివి? ఉన్న పరువే నీళ్లలో పోసొచ్చాను. మీ తమ్ముడిది ఒక్క లాగుకే అంటుకుంది."

"మా నాన్న మోటారు కదా, గట్టిది" అంది ఆర్డిస్ తలెత్తకుండా.

"గట్టిదో, అదృష్టమో. పందెం పందెమే. ఈసారి నేనూ మొక్కజొన్న పెట్రోలు పోసి, మందూ మాకూ లేకుండా మూల పడేస్తాను."

ఆర్డిస్ చేతిలో చాకు ఆగింది. "వద్దు వర్లిన్. పాడైపోతుంది."

"వాడిది పాడైందా? ఏటా చూస్తున్నాం కదా!" వర్లిన్ కుర్చీలో కూలబడ్డాడు. "ఇన్నేళ్లూ నోరు నొప్పెట్టేలా వాగాను. గురువునట, గురువుని! నేను చెప్పింది ఒక్కరంటే ఒక్కరికి పనికొచ్చిందా ఆర్డిస్?"

ఎగతాళిగా అందామనుకున్నాడు గానీ, అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

ఆర్డిస్ చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"పందెం గిందెం నాకు తెలీదు. నీ మోటారు నువ్వే చూసుకోవాలి."

"ఏం, ఎందుకని?"

"ఏటా కోతలప్పుడు మా తమ్ముడి మోటారుకు సేవ చేసేసరికే నా నడుం పడిపోతోంది."