నాలుగింటి బండి

"ఇదీ కాదమ్మా," అన్నాడు గంగాధరరావు.

దాలమ్మ స్విచ్చి ఆపేసింది. ఇనప స్టాండు మీద ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఊరుకుంది. పైన వేలాడదీసిన పెట్రోలు సీసా ఇంకా ఊగుతోంది.

"పెల్లికూతురిక్కూడా ఇన్ని వంకలు పెట్టరు బాబూ," అందామె, నూనె చేతుల్ని చిలకపచ్చ చీరకే తుడుచుకుంటూ. "కొత్త రకం ఇంజిను. పికప్పుంది, మైలేజీ ఉంది. మీ పాత బండిలో సుబ్బరంగా కూకుంటాది. ఇంకేటి గావాల?"

"చప్పుడు వేరేగా ఉంది."

"సప్పుడుతో ఏటి పని? బండి పరిగెట్టాల గానీ!"

వెంట వచ్చిన మెకానిక్ జితేంద్ర నేలకేసి చూశాడు.

ఖరిదా బజార్లో పాత ఇంజిన్లు అమ్మే ఈ దుకాణానికి వాళ్లిద్దరూ రావడం ఆ వారంలో మూడోసారి. వాళ్లకు కావలసింది కార్బొరేటర్ ఉన్న పాత రకం, మూడు సిలిండర్ల చిన్న ఇంజిన్. అలాంటి కార్లే ఇప్పుడు రోడ్డు మీద కనబడవు. దొరికిన వాటిలో ఒకదానికి బ్లాకు పగిలింది. మిగిలినవన్నీ కొత్త రకాలు. అవి మెత్తగా మోగుతాయి.

గంగాధరరావు గూడ్సు బండ్లు నడిపి రిటైరయ్యాడు. తాల్‌బగీచా పేటలోని ఇంట్లో ఇప్పుడు ఆయనా, భార్య సూర్యకుమారీ. మూడేళ్లుగా ఆమెకు ఒక్కొక్కటిగా అన్నీ మరుపులోకి జారిపోతున్నాయి. కూతురి పేరు పోయింది. వంటింటి దారి పోయింది. నాలుగైతే కారెక్కి పుట్టింటికి బయలుదేరాలన్నది మాత్రం పోలేదు.

రెండేళ్ల కిందట ఆయన స్నానం చేస్తుండగా ఆమె ఒక్కతే కారు తీసుకుని వెళ్లిపోయింది. రైలు వచ్చే వేళకు రైల్వే గేటు వేసి ఉండబట్టి, ఆ గేటు ముందు దొరికింది. ఆనాటి నుంచి కారు తాళం ఆయన మొలతాడుకే ఉంటుంది. వీధి గేటుకు ఇంకో తాళం. లోపల ఆమె. ఆమెతోపాటు లోపలే ఆయన. పక్కింటి దీదీ వచ్చి కూర్చున్న గంటలోనే బయటి పనులన్నీ.

కారు ఇంజిన్ పట్టేసి పదకొండు రోజులైంది. కారు మోగిన రోజు సూర్యకుమారి రాత్రి అన్నం తినేది. ఇప్పుడు నాలుగింటికి ఎక్కి కూర్చుంటుంది. చీకటి పడినా దిగదు. ముద్ద పెట్టబోతే పళ్లు బిగిస్తుంది. నిన్న కళ్లు తిరిగి పడిపోయింది. ఇంకో రెండు రోజులు చూసి ముక్కులోంచి గొట్టం వేద్దామన్నాడు డాక్టరు.

"ఆటోలో తీసుకెల్లండి మరి," అంది దాలమ్మ, నాలుగింటి ప్రయాణం, తిండి మానేసిన సంగతి విని.

"ఎక్కదమ్మా. ఆ చప్పుడు వింటేనే అది బండి. లేకపోతే కాదు."

దాలమ్మ దుకాణం వెనక్కి వెళ్లి, గోనెసంచులు లాగి పక్కన పడేసింది. కింద ఇంకో ఇంజిన్ ఉంది. దాని మీద చిటికెడు దుమ్ము కూడా లేదు.

"ఇది అమ్మడానికి ఉంచినది కాదు. మా మావ బండిది. ఆయన పోయినాక వారానికోపాలి తిప్పుతుంటాను."

"ఎందుకు?" అన్నాడు జితేంద్ర.

"ఊరికినే."

ఆమె బ్యాటరీ తీగలు తగిలించింది. ఇంజిన్ గరగరమని అందుకుంది. గంగాధరరావు కళ్లు మూసుకున్నాడు. సిగ్నల్ చూసినప్పుడు లేచినట్టు ఆయన కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది.

"ఇదేనమ్మా."

"ఆర్సీలో ఇంజిన్ నంబరు మార్పించుకోండి. నేకపోతే చౌరంగీ కూడలి కాడ పోలీసోలు ఆపేస్తారు."

"ఈ బండిని ఏ పోలీసూ ఆపడు దీదీ," అన్నాడు జితేంద్ర.

"అంత గొప్ప బండేటి? అయితే రేపు నేనూ వస్తాను. నా ఇంజిను ఎలాగ ఎల్తాదో సూడాల. నాలుగింటికి ఎల్లీటప్పుడు నన్ను గోల్‌బజార్లో దింపీయండి."

గంగాధరరావు ఇంటి గుర్తులు చెప్పి, నమస్కారం పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నానికి జితేంద్ర ఇంజిన్ బిగించేశాడు.

నాలుగైంది. సూర్యకుమారి ముందు సీట్లో, ఒళ్లో చేతిసంచీతో కూర్చుంది. రోజూ అడిగేదే అడిగింది. "బండి లేటాండీ?"

"లేదు. రైట్ టైమే."

ఆయన తాళం తిప్పాడు. ఇంజిన్ గరగరమంది. సూర్యకుమారి తల పైకెత్తింది. చెంపల్లోకి ఏదో తిరిగి వచ్చింది.

రైలింజన్లో డ్రైవరూ అసిస్టెంటూ సిగ్నల్ రంగు ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. పెళ్లయిన కొత్తలో ఆయన సరదాకి నేర్పిన ఆ ఆట కూడా ఆమెలోంచి పోలేదు.

"సిగ్నల్?" అన్నాడాయన.

"పచ్చ," అందామె చెయ్యెత్తి.

"గార్డు?"

ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసింది. రోజూ అక్కడ నిలబడి పచ్చగుడ్డ ఊపే పక్కింటి దీదీ ఇవాళ మేదినీపూర్ వెళ్లింది.

"గార్డు జెండా సూపించలేదండీ." ఆమె మొహం వాడిపోయింది. "అయితే బండి ఎల్లదు. అమ్మ ఎదురుసూస్తాది." పళ్లు బిగుసుకున్నాయి.

గంగాధరరావు తలుపు తీయబోయి ఆగాడు. ఆయన దిగితే ఇంజిన్ నడిపేవాడుండడని ఆమె కంగారు. జితేంద్ర జేబులు తడుముకున్నాడు. ఎర్రగుడ్డ తప్ప దొరకలేదు.

అప్పుడే, జితేంద్ర కోసం తాళం తీసి ఉంచిన వీధి గేటు తోసుకుని దాలమ్మ లోపలికొచ్చింది. నిన్నటి చీరే. "ఆగండి, ఆగండి, నన్నూ ఎక్కించుకోండి," అంటూ నాలుగడుగులు వేసి, కారును చూసి ఆగిపోయింది. జితేంద్ర నోటి మీద వేలు పెట్టాడు. సూర్యకుమారి ఆమెనే చూస్తోంది.

"అమ్మా, గార్డమ్మా! జెండా?"

చక్రాలన్నీ విప్పేసి రెండేళ్లుగా ఇటుకల మీద నిలబెట్టిన ఆ కారుకు, దాలమ్మ తన చిలకపచ్చ కొంగెత్తి నిదానంగా ఊపింది.