పైడితల్లి వదిన జల్లెడ

పొద్దున్నే కాఫీ కాచుకుంటుంటే మా వంటింటి గోడ వార్తలు చెబుతుంది. ప్రతి గోడకూ ఆ వార్తలను వడగట్టే ఒక జల్లెడ ఉంటుంది. ఎవరికి సంబంధించినవి వాళ్లకే రాలతాయి. నాకు మోకాళ్ల మందులు, ఎదురు వాటా పైడితల్లి వదినకు వాళ్ల ఉద్దానం జీడితోటలు. మెట్ల మీద కూర్చుంటే ఇద్దరికీ కలిసే కబురు ఒక్కటీ ఉండేది కాదు.

"ఇలాగైతే మూగోళ్లమైపోతాం. నా జల్లెడే నీ గోడకీ పెట్టించుకో వదినా," అంది పైడితల్లి వదిన ఒకరోజు. పెట్టించుకున్నాను. ఆరేళ్లు ఆ తోటల గురించే వాదించుకున్నాం.

"ఎలుగుబంటికి తెలిసిన జీడిపండు రుచి నీకు తెలీదేటి?" అని నన్ను ఆటపట్టించేది.

వదిన పోయి నెలైంది. నిన్న నా మనవరాలు హిమజ వచ్చి గోడ చెప్పేది విన్నది.

"మామ్మా, నీకు జీడితోటలెందుకు? నీకు సంబంధించినవే వచ్చేలా మార్చేస్తానుండు."

"వద్దమ్మా, అలాగే ఉండనీ," అన్నాను.

ఈ రోజు కాఫీ గ్లాసుతో మెట్ల మీద కూర్చున్నాను. ఎదురు వాటాకు తాళం వేసి ఉంది.

"వదినా, మీ తోటలోకి మళ్లీ ఎలుగుబంటి వచ్చిందట," అని ఆ తాళానికి చెప్పాను.