వెనక సీటు

రారోటోంగా దీవి పోలీస్ స్టేషన్ ఆవరణలో మరేటా నడుపుతున్న స్కూటర్ మళ్ళీ ప్లాస్టిక్ కోనును పడగొట్టింది. లైసెన్సు రాకపోతే ఆమె పూలదండలు శనివారం సంతకు చేరవు.

"వెనక సీట్లో కూర్చుంటే హ్యాండిల్ అందుతుందా? ముందుకు జరుగు అమ్మమ్మా," అన్నాడు కానిస్టేబుల్ తువాకానా.

"ముందుది మీ తాత చోటురా. పెళ్ళయినప్పటి నుంచీ ఆయనే నడిపాడు."

"తాత పోయి ఆరునెలలైంది కదా."

"నాకా చెబుతున్నావు? సమాధి మా వాకిట్లోనే ఉంది."

ఆమె తలకు చుట్టుకున్న పూలదండ తీసి హెల్మెట్ పెట్టుకుంది. దండను మళ్ళీ హెల్మెట్‌కు చుట్టింది. ముందుకు జరిగి కూర్చుంది. ఈసారి ఒక్క కోనూ పడలేదు.

"పాసయ్యావు. కానీ కొత్త లైసెన్సు. వెనక ఎవర్నీ ఎక్కించుకోకూడదు, తెలుసుగా?"

మరేటా వెనక్కి తిరిగి ఖాళీ సీటును చూసింది.

"విన్నావుగా. దిగు. ఇంటిదాకా నడిచి రా."

ఆమె స్కూటర్ గేటు దాటింది. మనిషి పక్కన నడవగలిగినంత మెల్లగా, రోడ్డు మలుపు దాకా అలాగే వెళ్ళింది.